నగరి కోర్టులో ఐదు చప్పట్లు

2022 చివర్లో సంగతి. కరోనాకి ఆగిపోయిన టోర్నమెంట్లు అప్పుడప్పుడే మళ్ళీ మొదలవుతున్నాయి. తిరుచానూరులో నేను పనిచేసే లాడ్జి రిసెప్షన్లో కూర్చుని, రూము కోసం బతిమాలుతున్న ఒక కుటుంబానికి లేదు లేదని చెబుతుండగా ఫోను మోగింది. నగరి నుంచి పెరుమాళ్ మాస్టారు. ఆ ఊరి ఆడపిల్లలకి ఏళ్ళ తరబడి బాస్కెట్‌బాల్ నేర్పుతున్న పెద్దమనిషి.

"మేడం, వచ్చే ఆదివారం చిత్తూరు ఆడోళ్ళ టీము మా ఊరికి వస్తాండాది. విజిలుకు మీరే రావల్ల. ఇంగ మళ్ళ పిల్సను."

"ఎందుకు పిలవరు మాస్టారూ? నామీద కోపమా?"

"కోపం యాడిది మేడం. పిల్సేదానికి కోర్టే ఉండదు."

పవర్‌లూమ్ షెడ్ల వెనక ఉన్న ఆ సిమెంటు కోర్టు ఒక మగ్గాల యజమాని స్థలంలో ఉంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆడుకోమని వదిలేశాడు. ఆయన పోయాక కొడుకులు పంచుకున్నారు. అక్కడ అంగళ్ళు కడతారట. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, స్థలం వాళ్ళది. పడగొట్టే ముందు ఒక్క మ్యాచ్ ఆడుకుంటామని మాస్టారు అడిగితే ఒప్పుకున్నారు. నేను కౌంటరు ముందున్న కుటుంబాన్ని మర్చిపోయి వస్తానని మాటిచ్చాను.

నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లాడ్జిలో ఉద్యోగం. సెలవు దొరికితే జిల్లాలో ఎక్కడ మ్యాచ్ ఉంటే అక్కడికి విజిల్ పట్టుకుని రిఫరీగా వెళ్తాను. ఒకప్పుడు నేనూ ఆడినదాన్నే. రెండు ఉద్యోగాలూ ఒకటేనని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. రెండు చోట్లా జనం నా మీద అరుస్తారు, రెండు చోట్లా నేను తిరిగి అరుస్తాను. నిజమే, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రూములు లేవండీ అని చెప్పే గొంతుతోనే ఐదో ఫౌలమ్మా బయటికి పో అని కూడా చెప్పేదాన్ని. చెప్పాల్సింది చెప్పేస్తే నా పని అయిపోయింది అనుకునేదాన్ని.

ఆట తెలియనివాళ్ళ కోసం ఆ ఐదో ఫౌలు గొడవేమిటో చెబుతాను. అవతలి మనిషిని తోసినా, చెయ్యి మీద కొట్టినా, దారికి అడ్డం పడినా ఫౌల్. ఒక్కొక్కరికీ ఐదు దాకా లెక్క. ఐదోది పడగానే ఆ మ్యాచ్‌లో ఆ మనిషి ఆట ముగిసినట్టే. బూతులు తిట్టి, కొట్లాడి డిస్‌క్వాలిఫై అయినవాళ్ళయితే కోర్టు ఆవరణలోనే ఉండకూడదు, బట్టలు మార్చుకునే గదికి పోవాలి. ఐదు ఫౌళ్ళవాళ్ళది అంత నేరం కాదు కాబట్టి తమ బెంచీ మీద కూర్చుని చూడవచ్చు. నన్నడిగితే ఈ రెండో శిక్షే పెద్దది. ఆట కళ్ళ ముందు జరుగుతుంటుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి.

అలా బయటికి పోయినవాళ్ళు మళ్ళీ లోపలికి వచ్చేస్తే ఏం చేస్తారని చాలామంది అడుగుతుంటారు. టీము ఓడిపోయినట్టే అనుకుంటారు. అదేం లేదు. కనిపెట్టిన వెంటనే ఆట ఆపి ఆమెను బయటికి పంపాలి. చూసుకోనందుకు కోచ్ మీద టెక్నికల్ ఫౌల్ రాస్తాం, అంటే అవతలి టీముకి ఒక ఫ్రీ త్రో, ఎవరూ అడ్డం రాకుండా ఒక బంతి వేసుకునే అవకాశం. ఈలోపల ఆమె బుట్టలో వేసిన పాయింట్లు మాత్రం చెల్లుతాయి. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు, కానీ రూలు అదే. దానికి ఇంకో కొస కూడా ఉంది. ఐదో ఫౌల్ పడిందని ఆ మనిషికి రిఫరీ చెప్పాలి. చెప్పకపోవడం వల్ల ఆమె ఆటలోకి వస్తే శిక్ష లేదు. ఊరికే బయటికి పంపేయడమే. రిఫరీ పరీక్షకి ఈ ముక్క బట్టీ పట్టాను. నగరి వెళ్ళేదాకా దాంతో పని పడలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి నేనూ, నాతోపాటు రెండో రిఫరీగా తిరుపతి నుంచి వచ్చిన డేవిడ్ అనే కుర్ర ఉద్యోగీ నగరిలో బస్సు దిగాం. డేవిడ్‌కి ఆ ఊరు కొత్త. నాకు కాదు. ఆ కోర్టులో గీతలకి పెయింటు కొనేవాళ్ళు కారు. నూలుకు అద్దగా మిగిలిన రంగు తెచ్చి గీసేవాళ్ళు. ఒకసారి ఎర్రగా, ఒకసారి నెమలి రంగులో ఉండేవి, గట్టి వాన పడితే కొట్టుకుపోయేవి, మళ్ళీ గీసేవాళ్ళు. ఆ రోజు పసుప్పచ్చ గీతలు. పిల్లలు, పెద్దవాళ్ళు, షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళు, అందరూ కోర్టు చుట్టూ గోడల మీద, తలకిందులు చేసిన బకెట్ల మీద కూర్చున్నారు.

ఆ కోర్టుకి ఒక అలవాటుంది. మామూలు రోజుల్లో చుట్టూ మగ్గాలు ఆడుతుంటే విజిలే సరిగ్గా వినబడదు, రిఫరీ మాట ఇంకెక్కడ. అందుకని ఎవరికైనా ఐదో ఫౌల్ పడితే చూసేవాళ్ళంతా కలిసి ఐదు చప్పట్లు కొడతారు. ఒకటే దరువు, ఐదంటే ఐదు. తమ ఊరి పిల్లకైనా, బయటి ఊరి పిల్లకైనా సరే. ఎగతాళి కాదది. నీ ఆట అయిందమ్మా, బాగా ఆడినావు, వచ్చి కూర్చో అని. ఆ చప్పట్లు వినగానే ఆడే మనిషి వంగి నేలకు చెయ్యి ఆనించి, కళ్ళకద్దుకుని బయటికి నడుస్తుంది. ఎక్కడెక్కడో విజిల్ ఊదాను గానీ ఇలాంటిది ఇంకెక్కడా చూడలేదు.

నగరి టీములో ఏడుగురే ఉన్నారు. చాలామంది పెళ్ళిళ్ళయి, ఉద్యోగాలకి పోయి చెదిరిపోయారు. మాస్టారు అందరికీ ఫోన్లు చేసి, రాగలిగినవాళ్ళని పోగేశారు. అలా వచ్చినవాళ్ళలో రేవతి ఒకతె. ముప్పై దాటిన మనిషి. ఒకప్పుడు ఆ టీముకి ప్రాణం. ఇప్పుడు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. సత్యవేడులో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. బంతి ముట్టుకుని చాలా ఏళ్ళయిందట. ఎవరిదో పాత ఎర్ర జెర్సీ వేసుకుంది, పదకొండో నంబరు, భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

వార్మప్‌లో ఆమె నా దగ్గరకి వచ్చి నవ్వింది. "నన్ను గుర్తుపట్టినారా మేడం?"

"నిన్నెట్లా మర్చిపోతాను. ప్రతి మ్యాచ్‌లో నాతో పోట్లాడేదానివి కదా."

"ఈ రోజు పోట్లాడను మేడం. ఊరికే ఆడుకుంటాను." అని కోర్టు నలుమూలలా ఒకసారి చూసింది. "ఈ గీతలు నేను కూడా గీసినాను. కాళ్ళకి రంగు అంటుకుంటే వారం దాకా పోయేది కాదు."

ఆట మొదలైంది. రేవతి చేతులు ఏమీ మర్చిపోలేదు. బంతి ఎటు వస్తుందో అందరికన్నా ముందు ఆమెకే తెలిసేది. తెలిసి ఏం లాభం, మనసు ముందే అక్కడికి చేరేది, కాళ్ళు వెనక వచ్చేవి. చిత్తూరు అమ్మాయిలు కాలేజీ పిల్లలు, చటుక్కున పక్కనుంచి జారుకునేవాళ్ళు. ఆమె చెయ్యి బంతికి బదులు వాళ్ళ మోచేతికి తగిలేది. ఫౌల్. మళ్ళీ ఫౌల్. ప్రతిసారీ తనమీద తనే విసుక్కుంటూ చెయ్యి ఎత్తేది. నాకు చాలా బాధగా ఉండేది, కానీ విజిల్ ఊదకుండా ఎలా ఉంటాను?

మూడో క్వార్టర్‌లో చిత్తూరు అమ్మాయి బుట్ట కిందికి దూసుకొస్తే రేవతి అడ్డం పడింది. ఇద్దరూ కింద పడ్డారు. విజిల్ ఊదింది డేవిడ్. చిత్తూరు పిల్లకి మోకాలు చెక్కుకుపోయింది, నేను ఆమె దగ్గర వంగి చూస్తున్నాను. డేవిడ్ టేబుల్ వైపు తిరిగి నంబరు చూపించాడు. టేబుల్ దగ్గరున్న స్కోరర్ ఐదో నంబరు పలక పైకెత్తాడు. ఆ తర్వాత మాలో ఒకరు వెళ్ళి ఆమెకి మాట చెప్పాలి. అది డేవిడ్ పని.

అతను తిరిగేలోపలే చప్పట్లు మోగాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆదివారం కాబట్టి మగ్గాలు ఆగి ఉన్నాయి. ఆ చప్పుడు షెడ్ల గోడలకి తగిలి తిరిగి వచ్చింది. రేవతి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత వంగి నేల తాకి, కళ్ళకద్దుకుని, బెంచీ మీదికి వెళ్ళిపోయింది. డేవిడ్ ఆమె వెనకే రెండడుగులు వేసి, ఆమె కూర్చోవడం చూసి ఆగిపోయాడు. అతను అలా ఆగిపోవడం నాకు కనబడలేదు. ఆట మళ్ళీ మొదలైంది.

తర్వాత నగరికి ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఒకమ్మాయి మడమ మెలితిరిగి కూర్చుండిపోయింది. ఇంకో ఆమెకి కూడా ఐదు ఫౌళ్ళయ్యాయి, ఆమెకీ చప్పట్లు కొట్టారు. ఏడుగురిలో మిగిలింది నలుగురే. నలుగురితో ఆడటానికి రూలు ఒప్పుకుంటుంది. ఆ నలుగురూ చిత్తూరు ఐదుగురిని వదలకుండా పట్టుకుని ఆడారు. చివరి నిమిషం వచ్చేసరికి నగరి ఒక్క పాయింటే వెనక. బంతి కూడా వాళ్ళదే. మాస్టారు టైమ్ అవుట్ తీసుకున్నారు.

టైమ్ అవుట్ అయ్యాక గడియారం తేడాగా ఉందని టేబుల్ దగ్గరివాళ్ళు నన్ను పిలిచారు. నేను అటు తిరిగి స్టాప్‌వాచ్‌తో సరిచూసేలోపల డేవిడ్ బంతి నగరి అమ్మాయి చేతికిచ్చాడు. నేను తిరిగి చూసేసరికి బంతి ఆటలో ఉంది. నగరివాళ్ళ ఎర్ర జెర్సీలు ఐదు కనబడ్డాయి. ఐదుగురు ఉండటం మామూలు కాబట్టి మాలో ఎవరి కంటికీ తేడా తగల్లేదు, చిత్తూరు కోచ్ హేమలతకి కూడా. ఒక్కటే తేడా. అంతసేపూ గోల చేస్తున్న ఊరు ఊరంతా నోరు మూసుకుంది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, గోడ మీది ముసలమ్మలు కూడా కుట్రలో ఉన్నారు.

బంతి మూలకి వెళ్ళింది. అక్కణ్ణుంచి రేవతి చేతికొచ్చింది. ఆమె పరిగెత్తలేదు. ఒక్కసారి నేలకు కొట్టి, ఆగి, రెండు చేతులతో పైకి వదిలింది. పాతకాలం పద్ధతి, ఈ కాలం పిల్లలెవరూ అలా వెయ్యరు. బంతి రింగుకి తగలకుండా లోపల పడింది. స్కోరర్ పదకొండో నంబరు ఎదురుగా రెండు పాయింట్లు రాయబోయి, అక్కడ ఐదు ఫౌళ్ళూ నిండి ఉండటం చూసి హారన్ నొక్కేశాడు. నేను విజిల్ ఊదాను.

హేమలత కోర్టులోకి వచ్చేసింది. "ఏంది మేడం ఇది? ఆమెకి ఐదైపోయినాయి కదా! మా కండ్లకు గంతలు కట్టినారా?"

"మీరు బెంచీ దగ్గరికి వెళ్ళండి, నేను చూస్తాను" అన్నాను. నా లాడ్జి గొంతే అది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి ఆగింది.

పెరుమాళ్ మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా వచ్చారు. ఆయనకి రూల్స్ నాకన్నా ముందు నుంచి తెలుసు. "మేడం, తప్పే. కాదనను. ఆ పిల్ల లేసిపోతాంటే నేను పట్టుకోలేదు. అయినా ఒక్క మాట అడగతాను. ఐదైనాయని ఆ పిల్లకు మీరు చెప్పినారా? ఆ అబ్బి చెప్పినాడా?"

నేను డేవిడ్ వైపు చూశాను. అతని మొహం పాలిపోయింది. "లేదు మేడం. అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె వెళ్ళి కూర్చుంది. ఇంక చెప్పేదేముందిలే అనుకున్నాను."

"ఊరంతా చెప్పింది కదా!" హేమలత మళ్ళీ ముందుకొచ్చింది. "ఈడ చప్పట్లు కొడితే అవుటని నాకే తెలుసు, ఈ ఊర్లో పుట్టిన ఆమెకు తెలీదా? ఆమెనే అడగండి."

నేను కోర్టు మధ్యలో నిలబడి ఆలోచించాను. రిఫరీ చెప్పాలని రూలు. చప్పట్లు కొట్టినవాళ్ళు రిఫరీలు కారు. ఆ లెక్కన శిక్ష లేదు, పాయింట్లు చెల్లుతాయి, నగరి ఒక్క పాయింటు ముందు, మిగిలింది కొన్ని సెకన్లు. ఆ కోర్టు మీద ఆఖరి మ్యాచ్ ఆ ఊరే గెలుస్తుంది. నా మనసు అటే లాగింది, దాచడం ఎందుకు. అంతగా లాగుతోంది కాబట్టే నామీద నాకే అనుమానం వచ్చింది. పైగా హేమలత అడిగినదాంట్లో న్యాయం ఉంది. తెలిసి వచ్చిందా, తెలియక వచ్చిందా అన్నదే కదా ఆ రూలు ప్రాణం. తెలుసో లేదో చెప్పగలిగింది ఒక్క మనిషే.

రేవతి బుట్ట కిందే నిలబడి ఉంది, బంతి చంకలో పెట్టుకుని. దగ్గరికి వెళ్ళాను. మాస్టారు నా వెనకే వచ్చారు.

"ఐదో ఫౌల్ పడిందని నీకు ఎవరైనా చెప్పారా?" అని అడిగాను.

"లేదని చెప్పు మే" అన్నారు మాస్టారు. "అబద్ధం కూడా కాదు. వాళ్ళు చెప్పలా."

రేవతి ఆయన వైపు చూడలేదు. "మీరు చెప్పలేదు మేడం. ఆ సారూ చెప్పలేదు."

గోడ మీద ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అక్కడితో ఆపేస్తే అయిపోయేది. నేను కూడా వెనక్కి తిరగబోయాను.

"మావోళ్ళు చెప్పినారు" అంది.

"ఏమంటున్నావు?"

"చప్పట్లు ఇన్యాను మేడం. ఐదూ ఇన్యాను. షిఫ్టు దిగి వచ్చి పడుకుంటే ఎన్నితూర్లు అనుకున్యానో, ఇంగొక్కసారన్నా ఈడ ఆడి, మావోళ్ళు చప్పట్లు కొడతాంటే బయటికి రావల్లని. అవి నాకోసరమే కొట్టినారు. ఇప్పుడు నాకు ఎవురూ చెప్పలేదంటే ఆ చప్పట్లు నావి కాకుండా పోతాయి. తెలిసే లోపలికొచ్చినాను మేడం."

"తెలిసి ఎందుకొచ్చావు మరి?"

"ఉండలేకపోయినాను."

ఆ ఒక్క మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విజిల్ నోట్లో పెట్టుకుని ఏడ్చే రిఫరీని ఆ ఊరు ఎప్పుడూ చూసుండదు, చూడనివ్వకూడదని టేబుల్ వైపు తిరిగాను. పాయింట్లు చెల్లుతాయన్నాను. కోచ్ మీద టెక్నికల్ ఫౌల్ రాయమన్నాను. హేమలత ఫ్రీ త్రో మాత్రమే అడగాలా, పాయింట్లు కూడా తీసేయమని అడగాలా అని కాసేపు చూసి, బెంచీ దగ్గరకి పోయింది.

మాస్టారు రేవతి చేతిలోంచి బంతి తీసుకున్నారు. "వాయి మూసుకోని ఉండలేకపోయినావా మే" అన్నారు. కోపంగానే మొదలుపెట్టారు, కానీ మాట పూర్తయ్యేలోపల ఆమె తల మీద చెయ్యి వేశారు. బంతి నాకు అందిస్తూ, "రాసుకోండి మేడం, నా పేరు మీద. ఈ కోర్టులో నాకిదే మొదటి టెక్నికల్లు. ఆఖరుది కూడా" అన్నారు.

చిత్తూరు అమ్మాయి ఫ్రీ త్రో వేసింది. అంత నిశ్శబ్దంలో వెయ్యడం కష్టం. అయినా పడింది. స్కోరు సమానమైంది. మిగిలిన సెకన్లలో ఎవరూ వెయ్యలేకపోయారు. అదనపు ఐదు నిమిషాలు ఆడించాల్సి వచ్చింది. నలుగురు ఎంతసేపని లాగుతారు? కాళ్ళు పట్టేసినా ఆడారు, చివరికి ఓడిపోయారు. ఆ ఐదు నిమిషాలూ రేవతి రెండు అరిచేతులూ తొడల కింద పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. వదిలేస్తే చేతులు మళ్ళీ ఎక్కడ పరిగెత్తుతాయో అని కాబోలు.

ఆట అయ్యాక ఎవరూ కదల్లేదు. చిత్తూరు పిల్లలు గెలిచి కూడా గట్టిగా అరవలేదు, సంచులు సర్దుకుంటూ పక్కకి జరిగారు. మాస్టారు ఒక్కరే కోర్టు మధ్యకి వెళ్ళి నిలబడ్డారు. పొద్దు వాలుతోంది. పసుప్పచ్చ గీతలు చాలా చోట్ల బూట్ల కింద నలిగి చెరిగిపోయి ఉన్నాయి. గోడ మీదినుంచి ఎవరో ఒక చప్పట కొట్టారు. రెండోది కొట్టేసరికి అందరూ కలిశారు. మూడు, నాలుగు, ఐదు. మనిషికి కాదు, ఆ సిమెంటు నేలకి కొట్టారు. నీ ఆట అయింది, బాగా ఆడినావు అని. మాస్టారు వంగి నేలకు చెయ్యి ఆనించారు. డేవిడ్ నా పక్కనే నిలబడి తనూ కొట్టాడు. నేనూ కొట్టాను. రిఫరీలు చప్పట్లు కొట్టకూడదన్నది నాకు తెలుసు. మ్యాచ్ అయిపోయింది కదా అని సర్దిచెప్పుకున్నాను.

బస్టాండులో రేవతి సత్యవేడు వైపు బస్సు కోసం, నేను తిరుపతి బస్సు కోసం నిలబడ్డాం. డేవిడ్ టీ తేవడానికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కాలంది. పిల్లలకి తీసుకెళ్ళడానికి సంచీలో మురుకులు ఉన్నాయి. ఆ పైన పాత జెర్సీ మడత పెట్టి ఉంది.

"నా వల్ల ఓడిపోయినారు మేడం" అంది.

"నువ్వు రాకపోతే ఒక్క పాయింటుతో అప్పుడే ఓడిపోయేవాళ్ళు. నువ్వొచ్చి ఇంకో ఐదు నిమిషాలు ఆడించావు. ఆ కోర్టు కూడా ఐదు నిమిషాలు ఎక్కువ బతికింది."

ఆమె సంచీ ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మీరూ ఆడేటోళ్ళు కదా మేడం. మీ ఆఖరు మ్యాచ్ ఎట్ల అయింది? ఐదు ఫౌళ్ళయి వచ్చినారా?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు అంతవరకూ. చిత్తూరులో ఆడాను ఆ మ్యాచ్. ఫౌళ్ళేమీ కాలేదు. రెండో సగంలో ఆయాసపడుతుంటే మా కోచ్ నన్ను బయటికి పిలిచి, నీళ్ళు తాగిరా, మళ్ళీ పంపిస్తానన్నాడు. నీళ్ళు తాగాను. మా టీము హాయిగా ముందుంది, నన్ను పంపే అవసరం పడలేదు. గెలిచాం, అందరం హోటల్లో దోసెలు తిన్నాం. తర్వాత సీజన్‌కి ఉద్యోగం వచ్చింది, ఆ తర్వాత సీజన్‌కి పెద్దాడు కడుపులో ఉన్నాడు, ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు. అదే ఆఖరిదని తెలిసి ఉంటే ఆ రోజు నీళ్ళు తాగేదాన్ని కాదు. ఇదంతా ఆమెకి చెప్పాను. నేను ఇంట్లో కూడా చెప్పని మాటలవి.

రేవతి విని, మొదటిసారి ఆ రోజు మనసారా నవ్వింది. "అట్లయితే మీకు ఎవురూ చెప్పలా. మీరు మళ్ళా లోపలికి పోవచ్చు మేడం. శిక్ష లేదు."

అంతలో ఆమె బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికిందో లేదో చూసేలోపలే కదిలిపోయింది.

ఆ తర్వాత చాలా మ్యాచ్‌లకి విజిల్ ఊదాను. నగరి వెళ్ళలేదు, వెళ్ళడానికి అక్కడ ఏమీ లేదు. ఆ మ్యాచ్ నాకు నేర్పింది రూలు కాదు, రూలు ముందే తెలుసు. చెప్పడం నేర్పింది. ఇప్పుడు ఎవరికైనా ఐదో ఫౌల్ పడితే ఆ మనిషి దగ్గరికి నేనే నడిచి వెళ్తాను. మొహంలోకి చూసి, "ఐదోది అమ్మా, నీ ఆట అయింది" అంటాను. ఆమె తల ఊపేదాకా ఆగుతాను. ఆలస్యం అవుతోందని టేబుల్ దగ్గరివాళ్ళు గొణుగుతారు, గొణగనీ. లాడ్జిలో కూడా రూములు లేవని చెప్పేటప్పుడు తల ఎత్తి చెబుతున్నాను. ఇంత మంచి గొంతు నీకెప్పుడొచ్చిందని మా ఆయన ఆశ్చర్యపోతున్నాడు.

నాకు మాత్రం ఆ ఐదు చప్పట్లు ఎవరూ కొట్టలేదు. అందుకేనేమో, ఏ స్కూలు గోడ పక్కన వెళ్తున్నా లోపల బంతి నేలకు కొట్టే చప్పుడు వినబడితే నా కాళ్ళు ఆగిపోతాయి. నీళ్ళు తాగింది చాలు, లోపలికి రా అని ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు నిలబడి వింటాను.